ఫోన్ మోగగానే కంగారు

ప్రశ్న: ఒడిశాలోని రాయగడలో ఒక కర్మాగారం ప్రజా సంబంధాల విభాగంలో పనిచేస్తున్నాను. పార్వతీపురం నుంచి తెలుగు విలేకరి, భువనేశ్వర్ నుంచి ఒడియా పత్రిక వాళ్లు ఒకరి వెంట ఒకరు ఫోన్ చేస్తారు. కంగారులో ఏదో అనేసి తర్వాత బాధపడుతున్నాను. పొద్దున్నే ధ్యానం చేసినా ఆఫీసులో అక్కరకు రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: పొద్దుటి ధ్యానం మానకండి. కానీ మీకు ఎరుక, అంటే ఈ క్షణంలో ఏం జరుగుతోందో గమనించడం, కావాల్సింది ఫోన్ మోగినప్పుడు కాబట్టి సాధన కూడా అక్కడే జరగాలి. మొదటి రింగుకే ఎత్తకండి. అరికాళ్లు నేలకు ఆనడం గమనిస్తూ ఒక్క ఊపిరి నెమ్మదిగా వదిలి, అప్పుడు ఎత్తండి. ప్రశ్నను విలేకరి అడిగిన మాటల్లోనే రాసుకోండి. వార్త ఎన్నింటికి ఇవ్వాలో అడిగి, "కనుక్కుని ఇరవై నిమిషాల్లో చెబుతాను" అనండి. సమాధానం దొరక్కపోయినా అన్న టైముకు ఫోన్ చేయాల్సిందే.

ఫోన్ పెట్టేశాక 4 లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. ఆరుసార్లు చేస్తే సుమారు నిమిషం. వదిలే ఊపిరి పొడవైతే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. తల తిరిగితే మరీ బలంగా పీలుస్తున్నట్టే, లెక్క ఆపేయండి. ఆలోచనలు రావడం తప్పు కాదు. మనసు ఖాళీ కావాలని పట్టుబడితేనే విసుగొస్తుంది.

మీ ప్రాంతంలో పత్రికా ప్రకటన దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడు ప్రతులు చూడాలి. ఒడియా ప్రతిలో అంకెలూ ఒడియా లిపిలో ఉంటే కన్ను వాటి మీదుగా జారిపోతుంది. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ఇంగ్లీషు ప్రతిలో పేర్లు, హోదాలు, తేదీలు, అంకెలు సరిచూడాలి. ఆ కాసేపూ ఫోన్లు పక్క గదిలో ఉంచండి. చదువుతుండగా ఏదైనా వాక్యం దగ్గర కడుపులో బిగిసినట్టనిపిస్తే దాన్ని ఊపిరితో అణచకండి. ఆ వాక్యం నిజమేనా అని పై అధికారిని అడగండి. అబద్ధాన్ని ప్రశాంతంగా చెప్పడానికి ఎరుకను వాడుకోకూడదు.

1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన ఎరుక (మైండ్‌ఫుల్‌నెస్) శిక్షణే 8 వారాలది. నాలుగు రోజుల్లో ఫలితం వెతకకండి.

రాత్రి పదకొండుకూ ఫోన్లన్నీ మీకే వస్తుంటే మాత్రం ఏ సాధనా చాలదు. వారానికొకరు చొప్పున రాత్రి ఫోన్ల బాధ్యత పంచమని కాగితం పెట్టి అడగండి. దడ, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.