తీరం చదువు చదవాలంటే ముందు పీజీ పేరు చూసుకోండి

ప్రశ్న: మాది కావలి దగ్గర తుమ్మలపెంట. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది. ఏ జీవి ఎక్కడ ఎందుకు బతుకుతుందో చెప్పే బయోజియోగ్రఫీ, తీరంలోని జీవజాలాన్ని కాపాడడం చదివి యూనివర్సిటీలో పాఠాలు చెప్తానంటోంది. వాటికి ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఉంటాయి, కానీ ఆ పేరుతో దాదాపు ఉండవు. నోటిఫికేషన్లలో జువాలజీ, బోటనీ, మెరైన్ బయాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, జాగ్రఫీ అనే వస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పీహెచ్‌డీ ఎంత బాగా చేసినా, పీజీ పట్టా మీద వేరే సబ్జెక్టు పేరుంటే దరఖాస్తు స్క్రూటినీలోనే ఆగిపోవచ్చు. మెరైన్ బయాలజీని జువాలజీ పోస్టుకు ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ నోటిఫికేషన్‌ను బట్టే ఉంటుంది. పీజీలో చేరకముందే పాత అసిస్టెంట్ ప్రొఫెసర్, డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లు నాలుగైదు తెచ్చుకుని అర్హతల పేజీ చదవండి.

నన్నడిగితే ఎమ్మెస్సీ జువాలజీ చేయించండి. డిగ్రీ కాలేజీ, జూనియర్ కాలేజీ దారులు కూడా తెరిచే ఉంటాయి. తీరం మీద పట్టు ప్రాజెక్టులో, పీహెచ్‌డీలో తెచ్చుకోవచ్చు. లేదు, సముద్రమే కావాలంటే కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తమిళనాడులో అన్నామలై వారి పరంగిపేట కేంద్రం పేరున్నవి. పీజీలో మార్కులు 55 శాతానికి తగ్గకూడదు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 5 శాతం సడలింపు.

పీజీ రెండో ఏడాదిలోనే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాయించండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు జాతీయ స్థాయిలో పెట్టే పరీక్ష ఇది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. మీ అమ్మాయి అడిగే బయోజియోగ్రఫీ అంశాలు, అంటే దీవుల జీవభౌగోళిక సిద్ధాంతం, భారత జీవభౌగోళిక మండలాలు, ఈ పరీక్ష సిలబస్ ఎకాలజీ యూనిట్‌లోనే ఉన్నాయి. పార్ట్ సీలో 75 ప్రశ్నలకు 25 రాస్తే చాలు, ఒక్కొక్కటి 4 మార్కులు. అక్కడ ఎకాలజీ, ఎవల్యూషన్, బిహేవియర్ బాగా పనికొస్తాయి. కానీ అవొక్కటే నమ్ముకుంటే పార్ట్ బీలో సెల్ బయాలజీ, బయోకెమిస్ట్రీ దగ్గర ఇరుక్కుపోతారు. తోడుగా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష ఏపీసెట్ కూడా రాయాలి, అది మన రాష్ట్రంలో చెల్లుతుంది.

ఇక ఫీల్డు పని. ఇంటర్వ్యూలో మనిషి తేలేది దీంతోనే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. కృష్ణపట్నం వైపు మడ అడవులు మీకు దగ్గరే. 10 మీటర్లకు 10 మీటర్ల ప్లాటు కట్టి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో ప్రతి చెట్టు చుట్టుకొలత తీయాలి. మొలకలకు లోపలే 1 మీటరు చదరాలు వేసి లెక్కపెట్టాలి. ఉప్పదనం చూడడానికి రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే సరిపోతుంది. తెల్లమడ, నల్లమడ అన్న ఊరిపేర్లు శాస్త్రీయ నామం పక్కనే రాసుకోవాలి, ఎందుకంటే పక్క ఊళ్లో అదే పేరు ఇంకో చెట్టుకు ఉండొచ్చు.

తప్పులెక్కడ జరుగుతాయంటే, బండి వెళ్లే గట్టు పక్కనే ప్లాట్లన్నీ వేస్తారు. అక్కడ నరుకుడు ఎక్కువ కాబట్టి అడవంతా పాడైనట్టు లెక్క వస్తుంది. పోటు పాటు వేళలు రాసుకోరు. అన్నిటికంటే పెద్ద తప్పు, దొరికిన చోట్లు రాసి వెతికినా దొరకని చోట్లు వదిలేయడం. బయోజియోగ్రఫీలో ‘లేదు’ అన్నది కూడా సమాచారమే. అది రాయకపోతే ఆ జీవి అక్కడ లేదో, మనం వెళ్లలేదో మ్యాపు చూసి ఎవరూ చెప్పలేరు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్లు తాకాలన్నా, నమూనా తీయాలన్నా అటవీశాఖ అనుమతి ముందే చేతిలో ఉండాలి.

పీజీ రెండేళ్లు, పీహెచ్‌డీ నాలుగైదేళ్లు పడుతుంది. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూల వేతనం 57,700. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి సాగుతాయి కాబట్టి, ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీగానో, చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం లాంటి చోట ప్రాజెక్టు ఉద్యోగంలోనో ఉండడానికి ఇంట్లో అందరూ ముందే సిద్ధపడండి.