పొద్దున శ్రద్ధగా తోముకుంటున్నా పళ్ళు ఎందుకు పుచ్చుతున్నాయి? రాత్రి కూడా తోముకోవాలా?

"స్వీట్లు పెద్దగా తినను, రోజూ పొద్దున ఐదు నిమిషాలు బ్రష్ చేస్తాను, అయినా రెండు దవడ పళ్ళు పుచ్చాయి, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది" అని మీరు రాశారు. ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా, మౌత్‌వాష్ అవసరమా అని కూడా అడిగారు. నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్ ట్రూప్ బజార్లో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో పదిహేడేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. కాకపోతే "స్వీట్లు తినను" అన్న ఈ మాటే నేనూ పళ్ళ డాక్టరమ్మతో చెప్పి, కింది దవడ పన్ను ఒకటి పోగొట్టుకున్నాను. అందుకని రాస్తున్నా.

స్వీట్లు తిననన్న మాట నిజమే. కానీ మా దుకాణంలో పొద్దున పదిన్నరకు మొదలైన చాయ్ రాత్రి ఎనిమిది దాకా వస్తూనే ఉంటుంది. కస్టమర్‌కు చెప్పినప్పుడల్లా మనకూ ఒకటి. లెక్కేస్తే ఆరో ఏడో. సగం సార్లు పక్కన ఉస్మానియా బిస్కెట్ ఉంటుంది. డాక్టరమ్మ నన్ను ఎంత చక్కెర తింటావని అడగలేదు. రోజుకు ఎన్నిసార్లు నోట్లో తీపి పడుతుందని అడిగింది. తీపి తగిలిన కొద్ది నిమిషాలకే పాచిలో ఉండే బాక్టీరియా దాన్ని ఆమ్లం చేస్తాయట. నోట్లో పీహెచ్ (పులుపును కొలిచే అంకె, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) సుమారు 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొర, అంటే ఎనామెల్, కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ పులుపును మెల్లగా విరిచేసి, కరిగిన ఖనిజాన్ని కొంత మళ్ళీ పంటికి చేరుస్తుంది. ఈ మరమ్మతుకు అరగంట నుంచి గంట పడుతుంది. నా నోట్లో అది పూర్తయ్యేలోపే పోరగాడు ఇంకో గ్లాసు తెచ్చి పెట్టేవాడు. పెళ్ళిలో ఒక్కపూట నాలుగుసార్లు డబుల్ కా మీఠా వడ్డించుకున్నవాడి పళ్ళు నా పళ్ళకంటే సుఖంగా ఉంటాయని అప్పుడు అర్థమైంది.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. అంటే ఆ మరమ్మతు చేసేవాడు డ్యూటీలో ఉండడు. మనిళ్ళల్లో పాచినోటితో చాయ్ తాగితే తిడతారు గానీ, పదింటికి అన్నం తిని అదే నోటితో పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. నాకైతే నలభై ఏళ్ళు వచ్చేదాకా ఎవరూ అనలేదు. రెండుపూటలా తోముకోవాలి. ఏ రోజైనా ఒక్కపూటే కుదిరితే ఆ పూట రాత్రిదే కావాలి.

నా పన్ను ఎలా పోయిందో చెప్తాను, మీ రెండు పళ్ళూ ఇంకా నోట్లోనే ఉన్నాయి కాబట్టి. మొదట చిన్న నల్లచుక్క. నొప్పి లేదు. ఎనామెల్‌కు నరాలు ఉండవు, అందుకే పుచ్చు అక్కడ ఉన్నన్నాళ్ళూ మనకు కబురు రాదు. ఆ చుక్కతో రెండేళ్ళు గడిపాను. తర్వాత చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమనేది, ఎడమవైపు నమలడం మానేశాను. ఒక రాత్రి నొప్పికి నిద్ర పట్టక లవంగం నలిపి పెట్టుకున్నాను. తెల్లారి మెడికల్ షాపులో అడిగి గోలీలు తెచ్చుకున్నాను. అలా ఒక ఏడాదిలో మూడుసార్లు. నాలుగోసారి నొప్పి దానంతటదే తగ్గిపోయింది! బాగైందని సంబరపడ్డాను కూడా. నిజానికి లోపల నరం చచ్చిపోయింది. తర్వాత వేరు దగ్గర చీము పట్టి, చెంప బూరెలా పొంగింది. అప్పుడు ఎక్స్‌రే తీస్తే పన్ను చిగురు కిందిదాకా నిలువునా చీలి ఉంది. రూట్ కెనాల్‌కు దాటిపోయింది, పీకాల్సిందే అన్నారు. యాంటీబయాటిక్ వాపును తగ్గిస్తుంది గానీ పంటి లోపల ఉన్న కుళ్ళును తీయదన్న సంగతి అక్కడే తెలిసింది. నల్లచుక్కగా ఉన్నప్పుడే వెళ్ళుంటే ఒక్క సిమెంటుతో అయిపోయేది. మా అత్తమ్మ ఓదార్పు వేరు: "పై పన్ను తీస్తే చూపు పోతది గానీ, కింది పన్నే గదా బిడ్డా, ఏం గాదు తియ్." పై పన్ను తీసినా చూపు పోదు. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధం లేదు.

పీకించుకున్నది అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రిని ఆనుకుని ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో. మా దుకాణం నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఇన్నేళ్ళూ దాని ముందునుంచే తిరిగాను. గాయం మానాక గార తీయించుకోవడానికి మళ్ళీ వెళ్తే, అక్కడ చదువుకుంటున్న అమ్మాయి ఒకామె నా పళ్ళకు పాచి ఉన్నచోట అంటుకునే ఎర్రటి రంగు మందు పూసి, "అంకుల్, మీరు ఇంట్లో ఎట్ల తోముకుంటరో అట్లనే తోముకోండి" అని బ్రష్ ఇచ్చింది. నలుగురిలో పరీక్ష రాస్తున్నట్టుంది. గట్టిగా, అటూ ఇటూ, రంపం కోసినట్టు తోమాను. అద్దం పెట్టింది. ముందుపళ్ళు తళతళలాడుతున్నాయి. కింది ముందుపళ్ళ లోపలివైపు మొత్తం ఎరుపు. ప్రతి పంటికీ చిగురు అంచున ఎర్రటి గీత. చివరి దవడ పళ్ళ వెనకాల బ్రష్ అసలు వెళ్ళనే లేదు. ఇన్నేళ్ళూ నేను తోముకున్నది నవ్వితే కనబడే భాగమే. పైగా ఎడమ కోరపన్ను మొదట్లో గోరు పట్టేంత గాడి పడి ఉంది. గట్టి కుచ్చు బ్రష్‌తో అడ్డంగా రాకితే కుడిచేతివాటం వాళ్ళకు ఎడమవైపే ఎక్కువ అరుగుతుందట.

తర్వాత ఆమె చేతిలో నా చెయ్యి పెట్టి నేర్పించినంత పని చేసింది. మెత్తటి కుచ్చు బ్రష్, చిగురు వైపు 45 డిగ్రీలు వాల్చి, సగం కుచ్చు చిగురు మీద సగం పంటి మీద పడేలా, చిన్నచిన్నగా కదిలించి పంటి వైపు ఊడ్చేయడం. రెండు నిమిషాలు చాలు. మీ ఐదు నిమిషాల్లో ఎంతసేపు ముందుపళ్ళకే పోతోందో ఒకసారి గమనించండి. రక్తం వస్తోందని చాలామంది అక్కడ తోమడం మానేస్తారు. నేనూ అంతే. చాలాసార్లు పాచి నిలవడం వల్లే చిగురు వాచి రక్తం వస్తుంది. నాకు గార తీయించి, ఇలా తోముకోవడం మొదలుపెట్టిన పది రోజులకు ఆగింది. ఆగకపోతే చూపించుకోండి, షుగర్ కూడా పరీక్ష చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి. పళ్ళ సందుల్లోకి బ్రష్ వెళ్ళదు, దానికి పళ్ళ సందులు తోమే దారమే (ఫ్లాస్). గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్నది భయం మాత్రమే. గార చాటున ఎముక తగ్గి ఎప్పుడో వదులైన పళ్ళు, అది పోయాక బయటపడతాయి.

ఫ్లోరైడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మాది నల్గొండ జిల్లా. మా అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలు. పెళ్ళికి ముందు ఇటుక పొడి, ఉప్పు, బొగ్గు పెట్టి ఎంత రుద్దినా పోలేదట. పోవు, అది పైన పట్టిన మరక కాదు. పిల్లలకు ఎనిమిదేళ్ళలోపు, పన్ను ఇంకా దవడలో తయారవుతున్నప్పుడు, తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ హద్దు దాటితే ఎనామెలే అలా తయారవుతుంది. నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. "మా పళ్ళను తిన్నది చాలదా, మళ్ళ పేస్టు రూపంల ఎందుకు" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. పేస్టులోది మింగం, పంటి పైన తగిలి ఉమ్మేస్తాం. అలా తగిలితే ఎనామెల్ గట్టిపడుతుంది. డబ్బా మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు) అని ఉందో లేదో చూసుకోండి. తోముకున్నాక నురగ ఉమ్మేసి ఊరుకోండి. చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా సింకులోకే. ఈ అలవాటు మార్చుకోవడం నాకు అన్నిటికన్నా కష్టమైంది. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా పక్కన మనం ఉండాలి.

పిల్లలున్నవాళ్ళకు ఇంకో మాట. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటికీ వెనక ఒక పెద్ద పన్ను వస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే, ఎట్లాగూ ఊడుతుంది అనుకుంటాం. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. నేను పోగొట్టుకున్నది అదే. మా పాపకు అది రాగానే దాని గుంటల్లో సీలెంట్, అంటే పుచ్చు పట్టకుండా గుంటలు మూసే పూత, పూయించాను.

గుట్కా, వక్కపొడి అలవాటుందో లేదో చెప్పలేదు మీరు. ఉంటే మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో చూసుకోండి. మా గోడౌన్‌లో పనిచేసే తమ్ముడికి రెండే పడుతున్నాయి, మిర్చి తగిలితే నోరంతా మంట. పొగాకు లేని ఉత్త వక్క కూడా అలా నోరు బిగుసుకుపోయేలా చేస్తుంది.

మౌత్‌వాష్ తప్పనిసరేమీ కాదు. డాక్టర్ రాస్తే వాడండి. నేను ఉత్సాహంగా కొన్న సీసా ఏడాదిగా అద్దం ముందు సగానికి అలాగే ఉంది.