దశాంశ బిందువు తరువాతి అంకె: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: అమెరికాలో చదువుకుంటున్న మా అబ్బాయి, పెద్ద కంపెనీల అండ లేని ఇండీ రాక్ బ్యాండ్ల పాటలు నాకు పంపుతూ, ‘పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల వెబ్‌సైట్‌లో దీనికి పదికి 8.4 వచ్చింది నాన్నా, తప్పకుండా వినండి’ అంటుంటాడు. సినిమా సమీక్షల్లో 2.75, 3.25 చూసి చూసి మనకు అలవాటైపోయింది గానీ, ఒక ఆల్బమ్‌కు 8.4 ఎందుకు, 8.3 ఎందుకు కాదు? ఈ లెక్క ఎవరు, ఎలా కడతారు?
– విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు లెక్కల మాస్టారు కనుక దాచకుండా చెబుతున్నాను, దీని వెనుక సూత్రమంటూ ఏదీ లేదు. గాత్రానికి ఇన్ని, సాహిత్యానికి ఇన్ని, వాద్యాలకు ఇన్ని అని పేపరు దిద్దినట్టు విడివిడిగా వేసి కూడరు. రాసిన వ్యక్తికి కలిగిన అభిప్రాయాన్ని సంపాదకులు చర్చించి, ఇంతకు ముందు ఏ ఆల్బమ్‌కు ఎంత ఇచ్చారో గుర్తు చేసుకుని, దీన్ని వాటి మధ్య ఎక్కడో ఒకచోట కూర్చోబెడతారు. 8.4 అంటే నిన్నటి 8.2 కంటే కొంచెం ఎక్కువ నచ్చిందని మాత్రమే అర్థం.

రాక్ సంగీతానికి మార్కులు వేసే అలవాటు పిచ్‌ఫోర్క్‌తో మొదలు కాలేదు. న్యూయార్క్ వారపత్రిక ‘విలేజ్ వాయిస్’లో రాబర్ట్ క్రిస్ట్‌గౌ 1969 నుంచే, బడిలో ఇచ్చినట్టు, ఆల్బమ్‌లకు ఎ, బి, సి గ్రేడ్లు ఇచ్చేవాడు. 1978లో వెలువడిన ఒక కచేరీ రికార్డులో గాయకుడు లూ రీడ్, ఏడాది పాటు కష్టపడి పనిచేస్తే చేతిలో బి ప్లస్ పెడతాడా అని వేదిక మీది నుంచే ఆయన్ని పేరు పెట్టి తిట్టిపోయడం నేటికీ వినవచ్చు. క్రిస్ట్‌గౌ ఆ రికార్డును కూడా సమీక్షించి, తన పేరు తప్పు పలకనందుకు కృతజ్ఞతలు చెప్పి, సి ప్లస్ ఇచ్చాడు.

1996లో మిన్నియాపోలిస్ ప్రాంతంలో రయన్ ష్రైబర్ అనే కుర్రవాడు ఇంటర్నెట్‌లో పిచ్‌ఫోర్క్ మొదలుపెట్టి, 0.0 నుంచి 10.0 వరకు కొలబద్ద పెట్టాడు. అంటే 101 మెట్లు. అయిదు నక్షత్రాలను సగాలతో సహా లెక్కపెట్టినా పది పదకొండు మెట్లకు మించవు. ఒక సంగీతాన్ని 101 మెట్లలో ఒకదాని మీద కచ్చితంగా నిలబెట్టగల చెవి ఎవరికీ ఉండదనే నా నమ్మకం. అయినా ఆ దశాంశ బిందువులో ఒక ఆకర్షణ ఉంది, ఏదో యంత్రంతో కొలిచి చెప్పినట్టు అనిపిస్తుంది. ఆచరణలో ఎక్కువ ఆల్బమ్‌లు 6కూ 8కూ మధ్యనే తిరుగుతాయి కనుక, ఆ ఇరుకులో తేడా చూపడానికి దశాంశం వాళ్లకు అవసరమే అయిందనుకోండి.

ఆ అంకెకు బలం ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు సంగతి. పెద్ద కంపెనీ గాయకుడి పాటను రేడియో వినిపిస్తుంది, టీవీ చూపిస్తుంది, దుకాణం అద్దంలో పోస్టరు ఉంటుంది. సమీక్షకుడు ఎంత తక్కువ మార్కులిచ్చినా అమ్మకాలకు వచ్చే లోటు స్వల్పం. ఇండీ బ్యాండు చిన్న రికార్డు కంపెనీ ద్వారా కొన్ని వేల ప్రతులు వేయించుకుంటుంది, దాని గురించి ఊరికి తెలిసే దారి సమీక్ష ఒక్కటే. కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన ఆర్కేడ్ ఫైర్ తొలి ఆల్బమ్ ‘ఫ్యునరల్’ను 2004 సెప్టెంబరులో నార్త్ కరోలినాలోని మర్జ్ అనే చిన్న కంపెనీ విడుదల చేసింది. పిచ్‌ఫోర్క్ 9.7 ఇవ్వగానే కంపెనీ దగ్గరున్న ప్రతులన్నీ అయిపోయాయి. ఆ బ్యాండే 2011లో మరో ఆల్బమ్‌కు ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది.

అదే 2004లో ట్రావిస్ మారిసన్ అనే గాయకుడి సొంత ఆల్బమ్ ‘ట్రావిస్టాన్’కు పిచ్‌ఫోర్క్ 0.0 ఇచ్చింది. అంతకు అయిదేళ్ల ముందు అతని బ్యాండు డిస్‌మెంబర్‌మెంట్ ప్లాన్‌కు 9.6 ఇచ్చి నెత్తిన పెట్టుకున్నది కూడా ఈ పిచ్‌ఫోర్కే. ఆ సున్నా చూసి కాలేజీ రేడియోలు వెనక్కు తగ్గాయి, ఆల్బమ్‌ను అమ్మకానికి పెట్టడానికి కూడా జంకిన దుకాణం ఉంది. మీరు ఎంతమంది పిల్లలకు సున్నా వేసి ఉంటారో నాకు తెలియదు గానీ, జవాబు పత్రంలో ఒక్క అక్షరమైనా రాసినవాడికి వేసి ఉండరు. 2006లో జెట్ అనే ఆస్ట్రేలియా బ్యాండు ఆల్బమ్‌కు 0.0 ఇచ్చి, సమీక్షగా ఒక్క మాటైనా రాయకుండా కోతి వీడియో ఒకటి పెట్టారు. అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం అది పని ఎగ్గొట్టడంగానే కనిపిస్తుంది.

ప్రశ్న: బ్రిటన్ రాక్ బ్యాండు రేడియోహెడ్ ‘కిడ్ ఎ’ ఆల్బమ్‌కు ఒక చోట పదికి పది, మరో చోట అయిదుకు ఒకటిన్నర వచ్చాయని చదివాను. ఒకే సంగీతం విన్న ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చేసినట్టే కదా? అన్నీ కలిపి సగటు చూస్తే సరిపోతుందా?
– కాలేజీ బ్యాండులో గిటారు వాయించే విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీరు చదివింది నిజమే. 2000 అక్టోబరులో ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు పిచ్‌ఫోర్క్‌లో బ్రెంట్ డిక్రెసెంజో 10.0 ఇచ్చాడు, బ్రిటన్ వారపత్రిక ‘మెలొడీ మేకర్’లో మార్క్ బోమాంట్ అయిదుకు ఒకటిన్నర ఇచ్చాడు. గిటారిస్టు కనుక మీరే ఒకసారి మొదటి పాట పెట్టుకుని వినండి. మీ వాద్యం అందులో ఎక్కడా వినిపించదు. కీబోర్డు మీద కొద్దిపాటి స్వరాలు అదే పనిగా తిరుగుతుంటాయి, గాయకుడు థామ్ యార్క్ గొంతును ముక్కలుగా కత్తిరించి వాటి మధ్య చల్లారు. అంతకు మూడేళ్ల ముందు ఈ బ్యాండే గిటార్లతో ఉర్రూతలూగించింది కనుక అలాంటిదే మళ్లీ వస్తుందని ఎదురుచూసినవాడికి ఇది మొండిచెయ్యి చూపడంలా తోచింది, కొత్తదనం కోసం చెవులు రిక్కించినవాడికి తలుపు తెరిచినట్టయింది. పైగా సమీక్షకులకు ముందస్తు ప్రతులు విరివిగా ఇవ్వలేదు, చాలామంది కంపెనీ ఏర్పాటు చేసిన చోట కొద్దిసేపు విని రాయవలసి వచ్చింది. నాలుగైదు సార్లు వింటే గానీ లొంగని సంగీతానికి ఇది పెద్ద ఇబ్బంది.

తప్పెవరిదని అడిగారు. ఇద్దరూ తమకు వినిపించినదే రాశారు, కాబట్టి నేను ఎవరినీ తప్పుపట్టను. డిక్రెసెంజో సమీక్ష సంగీతంతో కూడా మొదలు కాదు, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో కచేరీ చూస్తూ జీవితంలో మొదటిసారి రాలుతున్న నక్షత్రాన్ని చూడడంతో మొదలవుతుంది. దాన్ని అతిశయోక్తి అని ఇప్పటికీ ఎగతాళి చేసేవారున్నారు, కానీ ఆ మనిషి ఎంత కదిలిపోయాడో పాఠకుడికి తెలుస్తుంది. 10.0 ఒక్కటే చూసి వదిలేసినవారికి అది తెలియదు.

సగటు విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. 2001లో మొదలైన మెటాక్రిటిక్ అనే వెబ్‌సైట్ రకరకాల పత్రికల మార్కులను నూటికి మార్చి, కొన్ని పత్రికలకు ఎక్కువ విలువ కట్టి సగటు తీస్తుంది. అక్కడ బి ప్లస్ అంటే 83, సి అంటే 50. సి ఇచ్చిన విమర్శకుడు తాను నూటికి యాభై ఇచ్చానని అనుకున్నాడో లేదో ఎవరూ అడగరు. అందులో ‘కిడ్ ఎ’కు 80 కనిపిస్తుంది. అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన ఆల్బమ్‌కు కూడా అదే 80 వస్తుంది. కొందరు తలకెత్తుకుని, కొందరు విసిరికొట్టారన్న ముఖ్యమైన కబురు ఆ సగటులో మాయమవుతుంది. దీనికంటే ‘విలేజ్ వాయిస్’ ఏటా నడిపిన ‘పాజ్ అండ్ జాప్’ ఓటింగు పద్ధతి నాకు నచ్చుతుంది. ప్రతి విమర్శకుడూ తనకు నచ్చిన పది ఆల్బమ్‌లకు 100 పాయింట్లు పంచాలి, ఒకదానికి 30కి మించకూడదు, 5కు తగ్గకూడదు. దీనికి ఎక్కువిస్తే దానికి కోత పడుతుంది కనుక, విమర్శకుడు నిజంగా తూచవలసి వస్తుంది.

మొదట ఇచ్చిన మార్కు తరువాత నిలవకపోవడమూ ఉంది. అమెరికా రాక్ బ్యాండు నిర్వాణ ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’కు 1991లో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక అయిదుకు మూడు నక్షత్రాలే ఇచ్చింది. కొన్ని నెలలకే అది మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను దించి అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. బ్రిటన్ బ్యాండు ఒయాసిస్ విషయం చివరికి దీనికి తలకిందులైంది. 1995లో వారి రెండో ఆల్బమ్‌ను బ్రిటన్ పత్రికలు చప్పరించేస్తే జనం ఎగబడి కొన్నారు. ఆ తప్పు దిద్దుకోవాలన్న తొందరలో 1997లో వారి తరువాతి ఆల్బమ్ ‘బీ హియర్ నౌ’కు పత్రికలు పొగడ్తల వర్షం కురిపించాయి, ‘క్యూ’ అనే పత్రిక అయితే అయిదుకు అయిదు నక్షత్రాలూ ఇచ్చింది. ఆ వేడి చల్లారాక, పాటలు సాగదీశారని, గిటార్ల మీద గిటార్లు పేర్చారని ఆ విమర్శకులే ఒప్పుకున్నారు.

ప్రశ్న: 2021లో పిచ్‌ఫోర్క్ తన పాత మార్కుల్లో పందొమ్మిదింటిని మార్చి ప్రకటించింది. ఇది నిజాయితీ అనుకోవాలా, మాట మార్చడమా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ కొంత కొంత. గాయని పీజే హార్వీ ఆల్బమ్ 5.4 నుంచి 8.4కు పెరిగింది, ఇంటర్‌పోల్ అనే బ్యాండు తొలి ఆల్బమ్ 9.5 నుంచి 7.0కు దిగింది. అందరూ మాట్లాడుకున్నది గాయని లిజ్ ఫేర్ గురించి. 1993లో చిన్న కంపెనీ నుంచి వచ్చిన తొలి ఆల్బమ్‌తో విమర్శకుల అభిమానం చూరగొన్న ఆమె, 2003లో పెద్ద కంపెనీ కోసం, పాప్ గాయని అవ్రిల్ లవీన్ పాటలకు పనిచేసిన బృందాన్నే పెట్టుకుని పాప్ పాటలు పాడింది. పిచ్‌ఫోర్క్‌లో మాట్ లెమే ఆ ఆల్బమ్‌కు 0.0 ఇచ్చాడు. ఆమె పాడిన తీరు కంటే ఆమె ‘మనవాళ్లలోంచి’ వెళ్లిపోయిందన్న ఉక్రోషమే ఆ సున్నాలో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. 2019లో లెమే ఆ సమీక్షకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, 2021లో ఆ మార్కు 6.0 అయింది.

క్షమాపణను నేను గౌరవిస్తాను, ఎందుకంటే అది రాసిన మాటలకు సంబంధించినది. కొత్త అంకె దగ్గర మాత్రం ఆగిపోతాను. పద్దెనిమిదేళ్లు ఒక గాయని పేరు పక్కన నిలిచిన సున్నా స్థానంలో 6.0 పెట్టి, తోడుగా ఒక చిన్న పేరా రాశారు. ఆ ఆల్బమ్‌ను మళ్లీ మొదటి పాట నుంచి చివరి పాట దాకా విని, పాట పాటకూ ఏం వినిపించిందో చెప్పే పూర్తి సమీక్ష ఇచ్చి ఉంటే, పక్కన ఏ మార్కూ లేకపోయినా నేను చదివేవాణ్ణి.