తప్పెటగుళ్లు అనే మన జానపద ఆటలో ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడటమూ, టీవీ పోటీలో గెలిచిన స్పెల్‌బౌండ్ చేసినదీ ఒకటేనా?

చూడ్డానికి దగ్గరే, లెక్క వేరు. స్పెల్‌బౌండ్ బ్రిటన్ జట్టు. 2010లో ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’ గెలిచి లక్ష పౌండ్లు అందుకుంది. వాళ్లది ఆక్రోబాటిక్ జిమ్నాస్టిక్స్. క్రీడగా పోటీ పడేటప్పుడు ఇద్దరు, ముగ్గురు లేదా నలుగురే కలిసి చేస్తారు. బరువు మోసేవాళ్లు కింద, తేలికైన పిల్ల పైన. అరచేతుల్లో పాదాలు పట్టి పైకి విసిరితే, గాల్లో పల్టీ కొట్టి మళ్లీ ఆ చేతుల్లోకే దిగాలి. కింద స్ప్రింగుల నేల ఉంటుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం తప్పెటగుళ్లవాళ్లకి ఆ సుఖం ఎక్కడిది? ఊళ్లో మట్టినేలే. పైగా రొమ్ముకి రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు. ఆటా పాటా వాయింపూ అన్నీ వాళ్లవే. తాళం తప్పకుండా విన్యాసం చేయడం నా లెక్కలో తక్కువ కష్టమేం కాదు.

ఇక పేరంటారా, ఈ క్రీడ ఒలింపిక్స్‌లో లేదు. పతకాలు ఎన్ని కొట్టినా బయటివాళ్లకి పెద్దగా తెలీదు. అదే విద్యని టీవీలో చూపించేసరికి దేశమంతా చూసింది. తమాషా ఏంటంటే, 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఆ జట్టూ విన్యాసాలు చేసింది.