అట్టపెట్టెలో సైన్‌ఫెల్డ్: మీ ప్రశ్నలు, నా జవాబులు

కాకినాడలో మా వీడియో క్యాసెట్ల షాపు మూసేశాక ఇంట్లో అట్టపెట్టెలో దాచుకున్న వాటిలో జెర్రీ సైన్‌ఫెల్డ్ డీవీడీలు కూడా ఉన్నాయని పోయిన నెల ఓ ముక్క రాశాను. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. ఆయనెవరో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అమెరికాలో స్టేజీ మీద ఒక్కడే నిలబడి జోకులు చెప్పే స్టాండప్ కమెడియన్. లారీ డేవిడ్‌తో కలిసి తన పేరే పెట్టి ఓ సిట్‌కామ్ (హాస్య సీరియల్) తయారుచేశాడు. 1989 జులై నుంచి 1998 మే దాకా ఎన్‌బీసీ చానల్లో 180 ఎపిసోడ్లు నడిచింది. న్యూయార్క్‌లో నలుగురు స్నేహితులు, వాళ్ల పనికిమాలిన పంతాలు. అంతే కథ.

మా అబ్బాయి సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్నాడు. సైన్‌ఫెల్డ్ పుస్తకం తెమ్మందామని ఉంది. సీరియల్ కథలే పుస్తకంగా వేశారా? ఏది మంచిది? – ఓ పాఠకురాలు, హనుమకొండ

కథలు కావమ్మా. ఆయన పుస్తకాల్లో ఉండేవి స్టేజీ మీద చెప్పిన జోకులే. 1993లో ‘సైన్‌లాంగ్వేజ్’ వచ్చింది. సీరియల్ మంచి ఊపులో ఉన్న రోజులు కాబట్టి బాగా అమ్ముడుపోయింది. 2002లో ‘హాలోవీన్’ అని పిల్లల బొమ్మల పుస్తకం. ఆ తర్వాత పెద్ద పుస్తకం 2020లో గానీ రాలేదు. దాని పేరు ‘ఈజ్ దిస్ ఎనీథింగ్?’. కొత్త జోకు తట్టినప్పుడు కమెడియన్లు తోటి కమెడియన్లను అడిగే మాటట అది. మన మాటల్లో అయితే ‘ఇందులో ఏమైనా విషయం ఉందంటావా?’ అని. 1970ల నుంచి తను చేత్తో రాసుకున్న జోకుల కాగితాలన్నీ ఆయన దాచిపెట్టుకున్నాడు. వాటిలోంచి ఏరి, దశాబ్దాల వారీగా పేర్చాడు. ఒక్కటే కొనాలంటే ఇదే కొనండి.

అయితే ఒక మాట. నేను ఆ పుస్తకం తెరిచిన మొదటి రోజు ఇరవై పేజీలు చదివినా పెదవి విచ్చలేదు. ‘జోకుల పుస్తకమన్నారు, కరెంటు బిల్లు చూసినట్టు చూస్తున్నారేంటి?’ అంది మా ఆవిడ. నాకూ అనుమానమొచ్చి పక్కనపెట్టి, పాత సీడీ తీసి మళ్లీ విన్నాను. ఎక్కడ ఆగుతాడు, ఏ మాట దగ్గర గొంతు పైకి లేపుతాడు అన్నది చెవికెక్కాక మళ్లీ పుస్తకం పట్టుకుంటే అదే పేజీకి నవ్వొచ్చింది. అందులో పేరాలు పేర్చకుండా ఒక్కో వాక్యాన్నీ విడివిడి లైనుగా ఎందుకు అచ్చేశారో అప్పుడుగానీ తెలియలేదు. ఆ ఖాళీలన్నీ ఆయన ఊపిరి తీసుకునే చోట్లు. అందుకని ముందు వినండి, తర్వాత చదవండి. ఆ పుస్తకానికి ఆడియోబుక్ ఉంది, చదివిందీ ఆయనే. దానికైతే మీవాడి సూట్‌కేస్‌లో చోటు కూడా అక్కర్లేదు.

‘ఐయామ్ టెలింగ్ యూ ఫర్ ద లాస్ట్ టైమ్’ అనే సీడీ పాత సామాన్ల షాపులో దొరికింది. సీరియల్లో డైలాగులేనా ఇవి? – ఓ పాఠకుడు, విశాఖపట్నం

కాదు, మీకు దొరికింది అంతకంటే మంచి సరుకు. సీరియల్ ముగిసిన మూడు నెలలకి, 1998 ఆగస్టులో, న్యూయార్క్ బ్రాడ్‌హర్స్ట్ థియేటర్లో చేసిన స్టేజీ షో అది. హెచ్‌బీఓ ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన పాత జోకుల్ని ఆఖరుసారి చెప్పేసి, ఇక వాటి జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాడు. వీడియోలో అయితే మొదట్లోనే ఆ జోకులకి శ్మశానంలో అంత్యక్రియలు చేస్తారు! ఆ తర్వాత చేతిలో సరుకు లేకుండా చిన్న చిన్న క్లబ్బుల్లో మళ్లీ ఓనమాలు దిద్దుకోవడం 2002 నాటి ‘కమెడియన్’ డాక్యుమెంటరీలో చూడొచ్చు. ఎక్కడైనా కనిపిస్తే వదలకండి.

ఆ సీడీలో హాలోవీన్ ముక్క ఉంటుంది, తప్పకుండా వినండి. పిల్లల పుస్తకంగా మారింది అదే. చిన్నప్పుడు సూపర్‌మ్యాన్ మాస్కు పెట్టుకుని వీధిలో పడితే, దాని సన్నటి రబ్బరు నిమిషమైనా ఆగకుండా తెగిపోవడం గురించి చెబుతాడు. హాలోవీన్ అంటే అమెరికాలో పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగే పండుగ, మనకి తెలియకపోవచ్చు. కానీ తీర్థంలో కొన్న హనుమంతుడి అట్టమాస్కు, పిన్ను కొట్టిన చోట చినిగి, రబ్బరు వెనక్కి వచ్చి చెవి మీద చురుక్కుమనడం తెలియంది ఎవరికి? నా ఎడమ చెవికి ఇప్పటికీ గుర్తే.

నెట్‌ఫ్లిక్స్‌లో మొత్తం ఉంది కదా, ఇంకా డిస్కులెందుకండీ? పైగా అమెరికా డిస్కులు మన దగ్గర ఆడవంటారు. – ఓ పాఠకుడు, గుంటూరు

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. చూడ్డానికైతే నెట్‌ఫ్లిక్స్ చాలు. కానీ ఈ సీరియల్ తీసింది పాత టీవీల చదరపు తెరకి. 2021 అక్టోబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చినప్పుడు వెడల్పు తెర నిండాలని పైనా కిందా కోసేశారు. ‘ద పాట్‌హోల్’ ఎపిసోడ్‌లో ఆ నలుగురు స్నేహితుల్లో ఒకడైన జార్జ్ తాళాలు పడిపోయిన రోడ్డు గుంట ఉంటుంది. ఎపిసోడ్‌కి ఆ పేరే దానివల్ల వచ్చింది. కోతలో ఆ గుంటే తెర కిందకి పోయింది! జనం అప్పట్లో బాగా గోల చేశారు. 2004 నుంచి వచ్చిన డీవీడీల్లో ఆ కోత లేదు. చానళ్ల పునఃప్రసారాల్లో ప్రకటనల కోసం కత్తిరించిన ముక్కల్నీ వాటిలో తిరిగి కలిపారు. చూస్తుంటే తెర కింద తెరవెనుక సంగతులు చెప్పే ‘నోట్స్ అబౌట్ నథింగ్’ కూడా ఉంటుంది. నేను సెట్ దాచుకున్నది సగం దానికోసమే.

ఇక ఆడటం సంగతి. ఏ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో రీజియన్ నంబరు వేసి కట్టడి చేస్తారు. అమెరికా డీవీడీ రీజియన్ 1, మనది 5. 2005లో మా బావమరిది అమెరికాలోని ఎడిసన్ నుంచి మొదటి సెట్ తెచ్చాడు. షాపు మూసేసి ఏడాదైంది, చూసే తీరికకి లోటు లేదు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. ప్లేయర్ డిస్కుని మింగి, రీజియన్ తప్పు అని చూపించి, మళ్లీ బయటికి తోసేసింది. కంప్యూటర్లో పెట్టాను. దాని డ్రైవ్‌లో రీజియన్ అయిదుసార్లే మార్చుకోవచ్చు, ఆ తర్వాత తాళం పడిపోతుంది. ఆ సంగతి తెలియక అటూ ఇటూ మారుస్తూ నాలుగు ఛాన్సులు తగలేశాను. ఐదోది రీజియన్ 1 మీద ఆగింది. మన తెలుగు సినిమా డిస్కులు చాలావాటికి ఏ రీజియనూ ఉండేది కాదు కాబట్టి బతికిపోయాను. మీరు ఈ తిప్పలు పడొద్దు, అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కొనుక్కోండి. బ్లూరేలకీ పేచీ ఉంది, అమెరికాది ఏ, మనది సీ. 4కే డిస్కులకి మాత్రం రీజియన్ గొడవే లేదు. 2024 డిసెంబర్‌లో మొత్తం సీరియల్ 4కే పెట్టెగా వచ్చింది. ఖరీదెక్కువ, 4కే ప్లేయరూ ఉండాలి.

అన్నీ కొనలేను. ఒక్క సీజన్ కొనాలంటే? సెకండ్ హ్యాండ్ ఫర్వాలేదా? – ఓ పాఠకురాలు, కర్నూలు

నాలుగో సీజన్. మారు ఆలోచన వద్దు. సైన్‌ఫెల్డ్ స్టాండప్ ముక్కలు కూడా కావాలంటే ఏడో సీజన్ దాటకండి. అది అయ్యాక లారీ డేవిడ్ వెళ్లిపోయాడు, ఎపిసోడ్ మొదట్లో వచ్చే మైకు ముక్కలూ ఎత్తేశారు.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చు గానీ అట్టపెట్టె ఫొటో చూసి డబ్బు పంపొద్దు. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర నేను కొన్న ఆరో సీజన్‌లో, రెండో డిస్కు ఉండాల్సిన చోట ఐదో సీజన్ రెండో డిస్కు ఉంది. అడిగితే ‘నంబరు సరిపోయింది కదండీ’ అన్నాడు! డిస్కులన్నీ మంచం మీద పరిచి, పేర్లు కనిపించేలా ఒక ఫొటో, తిరగేసి గీతలు కనిపించేలా ఇంకొకటి అడగండి.

2004 నాటి గిఫ్ట్ సెట్ పెట్టెలో పేకముక్కలు, ఉప్పు, మిరియాల డబ్బాలు కూడా ఇచ్చేవారు. అవన్నీ ఉంటేనే ఇలాంటివి సేకరించేవాళ్లు ధర పెడతారు. నాదాంట్లో పేక అలాగే ఉంది. ఉప్పు డబ్బా మా వంటింట్లో ఉంది, మజ్జిగలోకి రోజూ వాడుతున్నాం.