బ్రిటన్ దేశీ పబ్బులో భోజనం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో మేమిద్దరం వెళ్తున్నాం. ‘దేశీ పబ్బుకు తీసుకెళ్తానమ్మా, తిండి బాగుంటుంది’ అంటున్నాడు. పబ్బంటే బారే కదా! అరవై దాటినవాళ్లం అక్కడికెళ్లి కూర్చుంటే ఏం బాగుంటుంది?
– ఒక గృహిణి, గుంటూరు

జ: నిశ్చింతగా వెళ్లండమ్మా. బార్ అనగానే మనకు గుర్తొచ్చే చీకటి గది, సిగరెట్ పొగ అక్కడ ఉండవు. ఇంగ్లండులో 2007 జులై నుంచి పబ్బు లోపల పొగతాగడం నిషేధం. పబ్బంటే ఆ పేట వాళ్లంతా కలుసుకునే చోటు. ఆదివారం మధ్యాహ్నం తాతలు, మనవలు ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటుంటారు. మందు తీసుకోవాలన్న నియమమేమీ లేదు. ‘లైమ్ అండ్ సోడా’ అడగండి, లేదా ‘ట్యాప్ వాటర్’ అడగండి. మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది అక్కడ మద్యం లైసెన్సు షరతుల్లో ఒకటి.

పంజాబీలు నడిపే, మన వంటలు దొరికే ఈ దేశీ పబ్బుల వెనక ఒక పోరాటం ఉంది. బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెదిక్, వెస్ట్ బ్రోమ్‌విచ్ ప్రాంతాల ఇనుప ఫౌండ్రీల్లో పని చేయడానికి పంజాబీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. రోజంతా కొలిమి దగ్గర మాడి సాయంత్రం పబ్బుకెళ్తే చాలాచోట్ల లోపలికి రానిచ్చేవారు కాదు, రానిచ్చినా వేరే గదిలో కూర్చోమనేవారు. స్మెదిక్‌లో ఈ వర్ణవివక్షను కళ్లారా చూడడానికి 1965 ఫిబ్రవరిలో నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ అమెరికా నుంచి వచ్చాడు. పబ్బులు, హోటళ్ల వంటి చోట్ల వివక్ష చూపకూడదన్న చట్టం అదే ఏడాది వచ్చింది. తర్వాత్తర్వాత పంజాబీలే పబ్బులు కొని నడపసాగారు. బీరు పంపులు అలాగే ఉన్నాయి, వెనక వంటగదిలో తందూరు చేరింది. ఒకప్పుడు గుమ్మంలోనే ఆపేసిన చోట ఇవాళ తెల్లవాళ్లు, మనవాళ్లు పక్కపక్కన కూర్చుని తింటున్నారు. మీ అబ్బాయి చూపించాలనుకుంటున్న చోటు అలాంటిది. తప్పకుండా చూడండి.

ప్ర: స్నేహితులం నలుగురం వెళ్లాం. ఇరవై నిమిషాలు కూర్చున్నా ఎవరూ మా దగ్గరికి రాలేదు. తర్వాత ఆర్డరిస్తే తిండి మరీ ఎక్కువై సగం మిగిలిపోయింది. ఎలా అడగాలి, ఎంత అడగాలి?
– ఒక ఇంజినీరు, కోవెంట్రీ

జ: మిమ్మల్ని చిన్నచూపు చూసి కాదు, పబ్బు పద్ధతే అది. చాలా పబ్బుల్లో సర్వర్ బల్ల దగ్గరికి రాడు. ముందు ఖాళీ బల్ల చూసుకుని, దాని మీదున్న నంబరు గుర్తుపెట్టుకుని కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లాలి. నంబరు చెప్పి, తిండీ పానీయాలూ అడిగి, డబ్బు అక్కడే కట్టేస్తే పానీయాలు వెంటనే చేతికిస్తారు, తిండి బల్ల దగ్గరికి తెస్తారు. కౌంటర్ ముందు వరస కనిపించదు కానీ, ఎవరి తర్వాత ఎవరన్నది అందరికీ తెలుసు. మీకంటే ముందొచ్చినవాళ్లను దాటి అడగకండి, చెయ్యి ఊపి పిలవకండి. వంటగదిని బారు కంటే గంటో రెండు గంటలో ముందే మూసేస్తారు. కొన్ని దేశీ పబ్బుల్లో వారం మధ్యలో సాయంత్రం దాకా పొయ్యే వెలగదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి ‘కిచెన్ ఎప్పటిదాకా?’ అని అడగండి.

ఇక ఎంత అడగాలన్నది. దేశీ పబ్బులో అసలు సరుకు మిక్స్‌డ్ గ్రిల్. కాలిన ఇనుప పళ్లెంలో ఉల్లిపాయ ముక్కలు పరిచి, వాటి మీద చికెన్ టిక్కా, కోడి రెక్కలు, సీఖ్ కబాబు, గొర్రె చాప్స్, శనగపిండిలో ముంచి వేయించిన చేప పేర్చి తెస్తారు. ఒక్కోచోట సైజు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ‘ఇది ఎంతమందికి?’ అని కౌంటర్లోనే అడగండి. నలుగురు తినేవాళ్లుంటే పెద్ద గ్రిల్ ఒకటి, నాన్‌లు మూడు, పప్పు ఒకటి, రైతా ఒకటి సరిపోతాయి. అందరూ చేసే పొరపాటు, గ్రిల్‌తో పాటే కూరలు కూడా చెప్పేయడం. గ్రిల్ అయ్యాక ఆకలి మిగిలితే అప్పుడు ఒక మేథీ చికెనో, ఆకుకూరతో చేసే సాగ్ కూరో చెప్పండి. బర్మింగ్‌హామ్ వైపు ‘టేబుల్ నాన్’ అని కనిపిస్తే అది ఒక్కరికి కాదు, బల్లకంతటికీ ఒకటి.

పళ్లెం వచ్చాక చేపతో మొదలుపెట్టండి. అడుగున ఉల్లిపాయల నుంచి లేచే ఆవిరికి చేప పైపొర అయిదు నిమిషాల్లోనే మెత్తబడిపోతుంది. ఆ తర్వాత టిక్కా, కబాబు. ఎముకున్న చాప్స్, రెక్కలు వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి కాబట్టి చివరికి ఉంచుకోండి. పళ్లేలన్నీ ఖాళీ అయ్యాక అడుగున మాంసం రసం పీల్చుకుని అంచులు నల్లబడిన ఉల్లిపాయలు మిగులుతాయి. వాటిని వదలకండి, నాన్ ముక్కతో తుడుచుకుని తినాల్సినవి అవే. కోట్లు మాత్రం కాస్త దూరంగా వేలాడదీయండి. ఆ పొగ వాసన ఉన్నికి పట్టిందంటే వారం రోజులు పోదు.

టిప్ విషయానికొస్తే, కౌంటర్లో డబ్బు కట్టి తినేచోట ఇవ్వాల్సిన పని లేదు. బల్ల దగ్గరికొచ్చి వడ్డించే చోటైతే పది శాతం దాకా ఇస్తారు. బిల్లులో సర్వీస్ చార్జి ముందే కలిసి ఉందేమో చూసుకోండి.

ప్ర: నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఆఫీసు వాళ్లు ప్రతి శుక్రవారం పబ్బుకు పిలుస్తారు. ఇంగ్లిష్ వంటల్లో నేనేం తినొచ్చు?
– ఒక ఉద్యోగిని, లీడ్స్

జ: మొట్టమొదట ఒక మాట. అక్కడ ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు, పాలు తినేవాళ్లని అర్థం. కాబట్టి ‘వెజిటేరియన్, నో ఎగ్’ అని రెండూ కలిపి చెప్పండి. మెనూలో ‘వీగన్’ అని ఉన్నదైతే గుడ్డు ఉండదు.

చూడ్డానికి మాంసం లేకపోయినా మాంసం కలిసేవి కొన్ని ఉన్నాయి. చిప్స్ అందులో ముఖ్యమైనవి. మీ యార్క్‌షైర్‌లో గొడ్డు కొవ్వులో చిప్స్ వేయించే అలవాటు ఇప్పటికీ గట్టిగానే ఉంది. నూనెలోనే వేయించినా, చేప వేయించిన మూకుట్లోనే వేస్తారేమో అడగండి. గ్రేవీ మాంసం రసంతో చేసేది. ఆదివారం రోస్ట్‌లో బంగాళాదుంపలను గొడ్డు కొవ్వులోనో బాతు కొవ్వులోనో కాల్చే చోట్లున్నాయి. యార్క్‌షైర్ పుడింగ్ పేరుకు పుడింగే కానీ తీపి కాదు, మైదా, పాలు, గుడ్డుతో పొంగిన రొట్టె. వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి. జెల్లీలో జంతువుల నుంచి తీసే జెలటిన్, ఆవిరి పుడింగుల్లో సూయెట్ అనే గొడ్డు కొవ్వు ఉండవచ్చు. మందు తీసుకునే శాకాహారులకు ఇంకో సంగతి. పీపాలో పులిసే ఏల్ అనే బీరును తేట చేయడానికి కొన్ని కంపెనీలు చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతాయి.

ఇక మీకు పనికొచ్చేవి. తొక్కతో కాల్చిన బంగాళాదుంప, లోపల వెన్న, బేక్డ్ బీన్స్. ఎండు బఠాణీని రాత్రంతా సోడా ఉప్పుతో నానబెట్టి ఉడికించే మషీ పీస్ మన బఠాణీ చాట్ తిన్న నాలుకకు బాగానే నచ్చుతాయి, పైన మిరియాలపొడి, నిమ్మరసం వేసుకోండి. గింజపప్పులతో చేసి కాల్చే నట్ రోస్ట్‌లో గుడ్డు కలుపుతారేమో అడగండి. దేశీ పబ్బయితే పప్పు, చనా, పనీర్ ఉంటాయి. పనీర్‌కు వేరే ఊచ వాడమని చెప్పండి. కొన్నిచోట్ల నాన్ పిండిలో గుడ్డు కలుపుతారు, తందూరీ రోటీ అడగడం నయం.

ప్ర: ‘మద్రాస్’ కూర ఆర్డరిస్తే మద్రాసు రుచే లేదు. ‘విందాలూ’లో బంగాళాదుంప వచ్చింది. ఏమిటీ పేర్లు?
– ఒక విద్యార్థి, లెస్టర్

జ: బ్రిటన్ కర్రీ హౌసుల్లో అవి కారం మెట్ల పేర్లు. కోర్మా తియ్యన, మద్రాస్ కారం, విందాలూ ఇంకా కారం, ఫాల్ అన్నిటికంటే పైమెట్టు. ఉల్లిపాయలు, కొంచెం క్యారెట్, టమాటా, అల్లం వెల్లుల్లి ఉడికించి రుబ్బిన ఒకే గ్రేవీ పెద్ద గిన్నెలో సిద్ధంగా ఉంటుంది. ఆర్డర్ రాగానే అందులోంచి రెండు గరిటెలు తీసి, కారంపొడి మోతాదు మార్చి పది నిమిషాల్లో దించుతారు. అందుకే నాలుక మండుతుంది కానీ మిరపకాయ రుచి తగలదు. విందాలూ గోవాలో పోర్చుగీసు వాళ్ల వెనిగర్, వెల్లుల్లి వంట నుంచి పుట్టింది, పేరులోని ‘ఆలూ’ను బంగాళాదుంప అనుకోవడంతో అది వచ్చి చేరింది. మన నాలుకకు సరిపడాలంటే దేశీ పబ్బులో కడాయి చికెన్ ‘దేశీ స్టైల్’ అని చెప్పి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, నిమ్మచెక్క పక్కన అడగండి. అక్కడ దొరికే కోబ్రా బీరు మొదలుపెట్టిన కరణ్ బిలిమోరియా పుట్టింది హైదరాబాద్‌లోనే. కూర తింటూ తాగితే కడుపు ఉబ్బకుండా గ్యాస్ తక్కువగా ఉండాలని దాన్ని తయారు చేయించారు.

ప్ర: వయసు రుజువు ఎందుకడుగుతారు? ఒక్క పైంట్ తాగి కారు నడపొచ్చా?
– ఒక విద్యార్థి, గ్లాస్గో

జ: మద్యం కొనడానికి 18 నిండాలి. 25 లోపు వయసులా కనిపించిన ఎవరినైనా అడుగుతారు, పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో దగ్గరుంచుకోండి. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. మీ స్కాట్లండులో 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం, ఇంగ్లండులో ఆ హద్దు 80. ఒక్క పైంట్‌తోనే స్కాట్లండు హద్దు దాటేవాళ్లు ఉంటారు. కారు తెచ్చిన రోజు అసలు ముట్టకండి.

ప్ర: తిరిగొచ్చాక ఇంట్లో ఆ చికెన్ టిక్కా చేస్తే నీళ్లూరి, ఉడికించిన కూరలా అవుతోంది. ఎక్కడ తప్పు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: తప్పు పెరుగులో ఉంది. 200 గ్రాముల పెరుగును గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీయండి. ఎముక లేని తొడ మాంసం అర కిలో తీసుకుని, కడిగాక గుడ్డతో బాగా తుడవండి. ముందు నిమ్మరసం, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి అరగంట ఉంచి, ఊరిన నీరు పారబోయండి. అప్పుడు గట్టి పెరుగు, రెండు చెంచాల ఆవనూనె, చెంచాడు దోరగా వేయించిన శనగపిండి, నలిపిన కసూరీ మేథీ, గరం మసాలా కలిపి ఫ్రిజ్‌లో ఆరు గంటలు పెట్టండి. శనగపిండే మసాలాను ముక్కకు అంటిపెడుతుంది. ఓవెన్‌ను 240 డిగ్రీలకు పూర్తిగా వేడెక్కనివ్వండి. ముక్కల్ని పళ్లెంలో కాకుండా ఊచలకు గుచ్చి, ఊచల కొనలు పళ్లెం అంచుల మీద ఆనేలా పెట్టండి. కారిన నీరు కిందికి పోతే ముక్క కాలుతుంది, పళ్లెంలోనే నిలిస్తే ఉడుకుతుంది. ఒకసారి తిప్పి వెన్న రాస్తే 12 నుంచి 15 నిమిషాల్లో అంచులు నల్లబడతాయి. ఇనుప పెనాన్ని పది నిమిషాలు కాల్చి, మందంగా కోసిన ఉల్లిపాయలు పరిచి ముక్కలు పైన పెట్టండి. నాన్‌స్టిక్ పెనం మాత్రం ఖాళీగా కాల్చకండి, దాని పూత పాడై విషపు పొగ వస్తుంది.