దాచినా దక్కదనిపించినప్పుడు

రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ తీసి ఏదో ఒకటి కొంటే గానీ నిద్ర పట్టడం లేదని రాశారమ్మా. తెప్పించిన అట్టపెట్టెలు కొన్ని విప్పకుండానే బీరువా వెనక పడున్నాయన్నారు. ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేద్దామంటే చేతిలో ఏమీ మిగలడం లేదనీ, ఆ యాప్ తీసేస్తే మనసు అదుపులోకి వస్తుందా అనీ అడిగారు.

తీసేస్తే తీసేయండి. ఎల్లుండికి మళ్లీ వేసుకుంటారు. నాకు గుచ్చుకున్నది మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి. చదువుకని కూడబెట్టింది ఒకసారి మీ మరిది వ్యాపారానికి పోయింది. రెండోసారి ఆడపడుచు అవసరానికి పోయింది. రెండుసార్లూ మీవారు ‘వచ్చే నెల సర్దేస్తా’ అన్నారు. సర్దలేదు, మీరూ అడగలేదు. ఈ రాత్రి కొనుగోళ్లు మొదలైంది ఆ రెండోసారి తర్వాతే. మీ ఉత్తరం మీరే మరోసారి చదువుకోండి, తెలుస్తుంది.

మిఠాయి ముందు పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామని పిల్లల్ని పరీక్షించిన ప్రయోగం గురించి వినే ఉంటారు. దాన్నే రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 28 మంది పిల్లలతో వేరే రకంగా చేసి 2013లో ప్రచురించారు. ముందుగా సగం మందికి మంచి రంగులు తెస్తామని చెప్పి తెచ్చిచ్చారు. మిగతా సగానికీ అదే చెప్పి, ఉత్త చేతులతో వచ్చారు. ఆ తర్వాతే మిఠాయి పెట్టారు. మాట దక్కిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. దక్కనివాళ్లు మూడు నిమిషాలకే తినేశారు. వాళ్లకు నిగ్రహం లేదని ఎలా అంటాం? ఆగితే ఏమవుతుందో అప్పుడే చూశారు కదా!

మీకూ ఆగడం చేతకాక కాదు. పార్సిల్ కోసం రోజుల తరబడి ఆగుతున్నారుగా! అది చెప్పిన రోజుకు వస్తుంది. ఇంట్లో ఇచ్చిన మాటే రాలేదు.

మీవారు చెడ్డవారని అనను. తోడబుట్టినవాళ్లను ఆదుకోవడం ఆయన ధర్మమే, తప్పకుండా చేయాలి. కానీ అది ఆయన సంపాదనతో చేయాలి. భార్య చదువుకని దాచింది తీసిచ్చి మంచి అన్న అనిపించుకోవడం నాకు ధర్మంలా కనిపించదు. మీరు నోరు మెదపకపోవడాన్నీ నేను ఓర్పు అనలేను. పైకి ‘పర్లేదండీ’ అంటూనే లోపల లెక్క రాసుకున్నారు. ఆ కసి తీర్చుకుంటున్నది మీ చదువు మీదే.

ఆయనతో పోట్లాడొద్దు, సణగొద్దు. ఇద్దరే ఉన్నప్పుడు కూర్చోబెట్టి, ‘మీరు సర్దుతానన్నది ఎప్పటికి ఇస్తారు?’ అని అడగండి. నెలకింతని ఒప్పుకుంటే చాలు, అది మీ ఒక్కరి పేరునున్న ఖాతాలో పడాలి. అందులోంచి ఎవరికిచ్చినా మీరే ఇవ్వాలి, లేదా మీరే కాదనాలి. అత్తగారు నాలుగు రోజులు ముభావంగా ఉంటారు, ఉండనివ్వండి. పెద్దావిడ గౌరవానికి మీ చదువు వల్ల వచ్చిన లోటేమీ లేదు.

విప్పని పెట్టెల్లో వెనక్కి తీసుకునే గడువున్నవి ఈ వారమే పంపేయండి. ఆ డబ్బు రాగానే, మొత్తం కూడేదాకా చూడకుండా, ముందు పరీక్ష ఫీజు కట్టేయండి.